మా అమ్మ మాట్లాడని సీతాఫలాల కాలం

నా చిన్నప్పుడు మా ఊరు ఖాజాగూడలో రేడియో ఒక్కటే ఉండేది. పంచాయతీ గదిలో, చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేవారు. తెల్లవారగానే పంచాయతీ మనిషి వచ్చి తాళం తీసి మీట తిప్పితే, గది ముందు స్తంభానికి కట్టిన మైకులోంచి ఊరంతటికీ వినబడేది.

ముందు భక్తి పాటలు, తర్వాత వార్తలు, ఆ తర్వాత బజారు ధరలు. మిర్చి ఎంత పలికిందో, బెల్లం ఎంత పలికిందో ఒకాయన గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. అది అయ్యాక నాకు ఇష్టమైన కార్యక్రమం వచ్చేది. ఒక ఆయన, ఒక ఆమె కూర్చుని మాట్లాడుకునేవారు. ఉల్లిగడ్డ ఎందుకు పిరమైంది, చింతపండుకు పురుగు పట్టకుండా ఏం చేయాలి, చిన్న దుకాణం పెట్టుకోవాలనుకునే ఆడమనిషి ముందు ఏం చూసుకోవాలి, ఇలాంటి మాటలే. ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. ఆమె గొంతు మజ్జిగ మీద వెన్న తేలినట్టు ఉండేది. ఆమె పేరు చెప్పేవారు గానీ, నేను మాత్రం మనసులో రేడియో అక్క అని పిలుచుకునేదాన్ని.

నన్ను బడికి పంపలేదు. పొద్దున లేస్తే అమ్మ వెంట గుట్టలెక్కి కాయలు తెంపాలి, లేదంటే మేకలు కాయాలి. కాబట్టి నాకున్న బడి ఆ మైకే. రేడియో అక్క "అవునండీ" అని ఎక్కడ సాగదీస్తుందో, "నిజమేనండీ" అని ఎక్కడ నవ్వుతుందో నాకు కంఠతా వచ్చేసింది. గుట్ట మీద ఎవరూ లేనప్పుడు మేకలను నిలబెట్టి, "ఏమండీ, ఈ రోజు మేత ఎలా ఉందండీ?" అని అడిగేదాన్ని. ఒకసారి అమ్మ చాటుగా విని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ మన మేకలు గూడ పాలిచ్చేటప్పుడు అండీ అంటయేమో బిడ్డా" అంది.

మా అమ్మకు మాటలే ఆస్తి. సీతాఫలాల కాలం వస్తే మేమిద్దరం చీకటితోనే బయలుదేరి, తలల మీద గంపలు పెట్టుకుని, బాలానగర్ దాకా నడిచేవాళ్ళం. ఆ దూరం నా కాళ్ళకు తెలియకుండా చేసింది ఆమె నోరే. దారిలో ఉన్న ప్రతి బండకూ ఆమె దగ్గర ఒక కథ ఉండేది. ఒకదాని పక్కన ఒకటి నిలబడి, కొంచెం ఎడంగా వాలిన రెండు బండలను చూపించి, వాళ్ళు అత్తాకోడళ్ళనీ, ఉప్పు దగ్గర తగువు పడి అప్పటినుంచి మాట్లాడుకోవడం లేదనీ చెప్పేది. రోజూ ఆ బండల దగ్గరికి రాగానే నేను, "ఇయ్యాలన్న మాట్లాడుకున్నరా?" అని అడగాలి. "ఇంకా లేదు, కోడలికి కోపం పోలే" అని ఆమె చెప్పాలి. అది మా ఇద్దరి ఆట.

బాలానగర్‌లో మేం కూర్చునేది బజారు రోడ్డు పక్కన, నెత్తిన ఎండలో. సీతాఫలం కన్ను విచ్చాక, అంటే పైగళ్ళ మధ్య సందులు తెల్లబడ్డాక తెంపితే, గడ్డిలో పెట్టి నీడలో ఉంచినన్నాళ్ళు ఓపిగ్గా పండుతుంది. ఎండ తగిలిందా, మధ్యాహ్నానికే మెత్తబడి పగిలిపోతుంది. పగిలినవాటిని సాయంత్రం మళ్ళీ మోసుకొచ్చి మేకలకు వేసేవాళ్ళం. రోడ్డుకు అవతల ఒక ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టర్లు ఉండేవి. పెద్ద గోడ, గేటు, గేటు లోపల వరసగా గానుగ చెట్లు. ఆ చెట్ల కింద నీడ పొద్దంతా ఖాళీగా పడి ఉండేది. గేటుకు ఒక బోర్డు వేలాడేది. మాకు చదవడం రాదు గనక గేటు కాసే ఆయనే దాన్ని మాకు చదివి వినిపించాడు. అమ్మేవాళ్ళు లోపలికి రాకూడదని దాని అర్థం.

అలాంటి రోజుల్లో మా ఊరికి రేడియో వాళ్ళు వచ్చారు.

జీపులో మాటలు పట్టే పెట్టె ఒకటి తెచ్చారు. పల్లెల్లో చిన్న చిన్న బేరాలు చేసుకునే ఆడవాళ్ళతో మాట్లాడి, ఆ మాటలు రేడియోలో వినిపిస్తారట. జీపులోంచి దిగిన ఆవిడ నోరు తెరవగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. రేడియో అక్క. పొట్టిగా, చామనఛాయగా, మామూలు నేత చీరలో ఉంది. ఊరివాళ్ళు అందరూ కలిసి మా అమ్మను ముందుకు తోశారు. నేను పక్కనే నిలబడ్డాను. అమ్మ ఇప్పుడు ఆ అక్కతో సమంగా, ఆ అక్క లాగే మాట్లాడుతుందని ఎందుకో అనుకున్నాను.

"బేరం ఎలా సాగుతోందమ్మా?" అని అడిగింది రేడియో అక్క.

"ఏం బేరం తల్లీ. వచ్చినామె వచ్చినట్టు బొటనవేలుతోటి నొక్కుతది. నొక్కి నొక్కి కాయ పానం తీసి, గిది మెత్తగున్నది వద్దు పో అంటది. మెత్తగ చేసిందెవరు? నేను నొక్కిన్నా?"

ఊరంతా గొల్లుమంది. రేడియో అక్క నవ్వు ఆపుకోలేక చేతిలో మైకును మోకాలి మీద పెట్టేసింది. మళ్ళీ తేరుకుని, మీకు ఏం కావాలో చెప్పమని అడిగింది. అమ్మ మొహంలో నవ్వు తగ్గింది. ఆమె చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నది అదే.

"గా గేటు లోపట నీడల జర కూసోనిస్తే సాలు. నాకు గాదు తల్లీ, కాయలకు. నేనెండకు మాడినా నన్నెవరు తింటరు?"

మళ్ళీ నవ్వులు. అప్పుడు ఆ పెట్టెలోంచే అమ్మ మాటలు కొంచెం తిప్పి వినిపించారు. ఊళ్ళో ఎవరూ తమ గొంతు తాము విన్నది లేదు. గరగరమంటూ, గుట్ట మీద నుంచి కేకేసినట్టు వచ్చింది అమ్మ గొంతు. వెనక సుత్తెల చప్పుడు. మా ఊరి పక్కన రాళ్ళు కొట్టేవాళ్ళు ఎప్పుడూ కొడుతూనే ఉండేవారు.

"ఓయమ్మో, గిది నా గొంతా? కాకి లెక్కున్నది గదా" అని అమ్మే అందరికంటే ఎక్కువ నవ్వింది.

నేను నవ్వలేదు. రేడియో అక్క ముందు మా అమ్మ అట్లా మాట్లాడిందని నాకు తల కొట్టేసినట్టయింది. మెల్లగా వెనక్కి జరిగి జీపు చాటుకు పోయాను. అందరి మధ్యా నవ్వుతున్న అమ్మ నా కోసం చుట్టూ చూసింది. జీపు చక్రం పక్కన నేను కనిపించాను. నా మొహంలో ఏం చదివిందో, ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

కొన్నాళ్ళకు ఆ కార్యక్రమం వచ్చింది. ఆ పొద్దున బేరం మానుకున్న మాతో సహా ఊరంతా పంచాయతీ గది ముందు చేరింది. మామూలుగా ప్రశ్నలడిగే ఆయనే అడిగాడు. జవాబు చెప్పింది మాత్రం అమ్మ కాదు. రేడియో అక్క.

"నమస్కారమండీ. సీతాఫలం చాలా సున్నితమైన పండండీ. ఎండ తగిలితే పాడైపోతుందండీ. బాలానగర్ బజారులో మాకు కాస్త నీడ దొరికితే ఎంతో మేలండీ. ఆ నీడ మాకోసం కాదండీ, మా పండ్ల కోసమండీ."

బొటనవేలు లేదు. కాయ పానం తీయడం లేదు. నన్నెవరు తింటరు అన్న మాట లేదు. ఊళ్ళోవాళ్ళు అమ్మ వైపు తిరిగి, "ఏందమ్మో, నువ్వెప్పుడు గింత పట్నపుదానివైతివి?" అని ఆటపట్టించారు.

"ఊకోండ్రి. పైసల్లేకుంట పట్టుచీర కట్టిచ్చిండ్రు, మంచిదే గదా" అంది అమ్మ. నవ్వుతూనే అంది గానీ, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ అంది.

నాకు మాత్రం పండుగలా ఉంది. మా అమ్మ మాటలు రేడియో అక్క నోట్లోంచి రావడం కంటే గొప్ప ఏముంటుంది? ఆ రోజంతా గుట్ట మీద ఆ మాటలే వల్లె వేశాను. ఒక్క అక్షరం పోకుండా, అదే సాగదీతతో.

ఆ కార్యక్రమాన్ని క్వార్టర్లలో ఒక ఆఫీసరు గారి భార్య విన్నారట. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆవిడ తోటివాళ్ళతో మాట్లాడి, భర్తతో చెప్పించి, ఆ సీతాఫలాల ఆవిడకు గేటు లోపల చెట్టు కింద చోటిప్పించారని గేటు కాసే ఆయన మాకు చెప్పాడు. అమ్మ గంప దింపి చేతులు జోడించింది. అయితే ఆయన మెడ గోక్కుంటూ ఇంకో మాట అన్నాడు.

"అక్కా, ఒక పరేషాన్ ఉన్నది. అమ్మగారు రేడియోల విన్నామె వస్తదని చూస్తున్నది. మస్తు మంచిగ మాట్లాడింది, చదువుకున్నామె లెక్కున్నదని రోజు అడుగుతది. నువ్వు నోరు తెరిచినవంటే నమ్మది. ఎవరో దొంగమాట చెప్పి లోపటికొచ్చిందనుకుంటది."

అమ్మ గంపలో కాయల మీద కప్పిన ఆకులు సర్దింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, చెదిరిన నా జుట్టు వెనక్కి దువ్వి, "నీకు గా అక్క మాటలొస్తయి గదా బిడ్డా. నువ్వు మాట్లాడు. నాకు గొంతు లేదనుకో" అంది.

అంతలో ఆఫీసరమ్మ గారు రానే వచ్చారు. నేను నిటారుగా నిలబడి, రేడియో అక్క గొంతుతో మొత్తం చెప్పేశాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

"అచ్చం అలాగే చెప్పావే. మరి రేడియోలో మాట్లాడింది ఎవరు?"

"రేడియో అక్కండీ. మాటలు మాత్రం మా అమ్మవండీ."

"మరి మీ అమ్మే చెప్పొచ్చు కదా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నాకా కష్టం రానివ్వలేదు. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, మాటలు రావా? అందుకా వేరే ఆవిడ చదివింది" అని ఆఫీసరమ్మ గారు నొచ్చుకున్నారు. తానే గేటు తెరిపించి, అన్నిటికంటే దట్టమైన గానుగ చెట్టు చూపించారు. గేటు కాసే ఆయన పక్కకు తిరిగి దగ్గాడు. ఆయన ఆ రహస్యాన్ని చివరిదాకా దాచాడు.

అలా ఆ సీతాఫలాల కాలమంతా మా అమ్మ మూగదైంది. నీడలో కాయలు చెక్కుచెదరకుండా ఉండేవి. మేకలకు వేయాల్సినవి లేవు. క్వార్టర్ల ఆడవాళ్ళు వచ్చి నాతో ముచ్చటగా మాట్లాడేవారు. "ఈ పిల్లను చూడండి, ఈ చుట్టుపక్కల పిల్లలా లేదు" అనేవారు. అమ్మ చేతివేళ్ళతో సైగ చేసేది, నేను చెప్పేదాన్ని. ఈ కాయ ఇవాళ్టికి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అని. ఎవరైనా బొటనవేలితో కాయను నొక్కితే అమ్మ పెదవులు కదిలేవి. లోపల ఒక మాట పుట్టి, బయటికి రాకుండా పోయేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అమ్మ అట్లా కూర్చోవడం నాకు బాధ అనిపించలేదు. హాయిగా ఉండేది. ఏం అంటుందో, ఎవరు నవ్వుతారో అన్న భయం లేదు. నాకు నచ్చిన అమ్మ ఆ చెట్టు కింద దొరికింది. మంచి చీర కట్టుకోకపోయినా, మాట్లాడకపోతే చాలు, అందరి అమ్మల్లాగే ఉంది.

మాటలు రానివాళ్ళకు చెవులు కూడా ఉండవనుకుంటారు మనుషులు. ఆడవాళ్ళు మా గంప చుట్టూ నిలబడి, మేం లేనట్టే ఇంటి సంగతులు, ఆఫీసు సంగతులు మాట్లాడుకునేవారు. ఒకరోజు ఆఫీసరమ్మ గారు బజారు నుంచి అప్పుడే వచ్చి, అక్కడ ఒక గంపల ఆవిడ తనతో ఎలా బేరమాడిందో చేసి చూపించారు. "ఏంది, గిట్లడుగుతవేంది, గట్లెట్ల ఇస్త" అని గొంతు బొంగురు చేసి, నడుము మీద చెయ్యి పెట్టి. చెడ్డ మనసుతో చేశారని ఇప్పటికీ అనుకోను. పక్కవాళ్ళను నవ్వించాలని చేశారు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. అందరితోపాటు, కాస్త గట్టిగానే.

అమ్మ కాయలు తుడుస్తోంది. తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ కాయ వైపు వంగింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఇంటికి పోయే దారిలో ఆమె ఏమీ చెప్పలేదు. అత్తాకోడళ్ళ బండలు వచ్చాయి. నేను మామూలుగా, "ఇయ్యాలన్న మాట్లాడుకున్నరా?" అని అడిగాను. అమ్మ నడుస్తూనే ఉంది. మళ్ళీ అడిగాను.

"పొద్దంత మూసుకున్న నోరు జల్ది తెరుచుకోదు బిడ్డా" అంది.

ఆ దారి అంత పొడుగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నా కాళ్ళు నొప్పిపెట్టాయి. తర్వాత రోజూ, ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున పోయేటప్పుడు మౌనం, సాయంత్రం వచ్చేటప్పుడు మౌనం. ఇంట్లో వంట చేస్తూ కూడా సైగ చేసేది, ఉప్పు డబ్బా అందుకోమని. అలవాటైపోయిందని తానే గుర్తుపట్టి చెయ్యి దించేసేది. నాకు భయం పట్టుకుంది. అమ్మ నోరు నిజంగానే పోతుందేమో, నా వల్లే పోతుందేమో అని. అయినా పొద్దున గేటు దగ్గరికి రాగానే నా గొంతు దానంతటదే రేడియో అక్క గొంతు అయిపోయేది.

కాయలు తగ్గిపోతున్న రోజుల్లో క్వార్టర్ల గేటు ముందు జీపు ఆగింది. రేడియో అక్క దిగింది. చోటు దొరికిందని ఎవరో రేడియోకు రాశారట, ఆ సంగతి మళ్ళీ వినిపిద్దామని పెట్టెతో సహా వచ్చింది. నేరుగా మా చెట్టు కిందికి వచ్చి అమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"ఆ రోజు సుత్తెల చప్పుడులో నీ మాటలు పాడైపోయాయమ్మా. వేరే దారి లేక నేను చదివాను. నాకే బాగా అనిపించలేదు. ఈ రోజు నీ గొంతే కావాలి" అని మైకు చేతిలోకి తీసుకుంది. వెంట వచ్చినాయన పెట్టె తిప్పాడు.

అప్పటికే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆఫీసరమ్మ గారు నవ్వారు. "అదేంటండీ, ఆవిడకు మాటలు రావు కదా. అందుకే కదా మీరు చదివారు? ఈ పాపను అడగండి, చక్కగా చెబుతుంది."

రేడియో అక్క ఆవిడను చూసింది, అమ్మను చూసింది, నన్ను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. మైకు మాత్రం అమ్మ ముందు నుంచి తీయలేదు. గేటు కాసే ఆయన తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. గంపలోంచి ఏ కాయ తీయమంటావు అన్నట్టు చూసింది, అంతే. నీకెట్లా కావాలంటే అట్లా ఉంటాను అని. నోరు తెరిస్తే నీడ పోవచ్చు. తెరవకపోతే ఆమె గొంతు ఎప్పటికీ ఎవరికీ వినబడదు. ఆ రెండిట్లో ఏదో ఒకటి నా చేతిలో పెట్టి, ఆమె కూర్చుని ఉంది.

నేను రేడియో అక్క గొంతుతోనే చెప్పబోయాను. ఆ గొంతు రాలేదు.

"మా అమ్మకు మాటలొస్తయి" అన్నాను.

"వస్తాయా?" అన్నారు ఆఫీసరమ్మ గారు, అమ్మనే చూస్తూ.

అమ్మ గొంతు సవరించుకుంది. మొదటి మాట గాలిగా వచ్చింది. రెండోసారి నిలిచింది.

"వస్తయమ్మా. మస్తు వస్తయి, గందుకే మూసుకున్న. నాది మోటనోరు. మోటనోటికి నీడ దొరకదేమోనని నా బిడ్డ నోరు తెచ్చుకున్న. నీడ నాకు గాదమ్మా, కాయలకు. నేనెండకు మాడినా నన్నెవరు తింటరు?"

మా ఊళ్ళో అందరూ నవ్విన మాట అది. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. పెట్టెలో చక్రాలు తిరుగుతున్న చప్పుడు వినబడింది.

ఆఫీసరమ్మ గారి మొహం ఎర్రబడింది. "అయితే ఇన్నాళ్ళూ మా మాటలన్నీ వింటూనే ఉన్నావన్నమాట" అన్నారు.

"నోరు మూసుకున్న గానీ, చెవులు మూసుకునే ఉపాయం తెలవదమ్మా" అంది అమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట చెప్పింది.

ఆవిడ వెళ్ళిపోయారు. తన కోసం తీసి పెట్టిన కాయ కూడా తీసుకోలేదు. మిగతావాళ్ళు ఒకరొకరే జారుకున్నారు. రేడియో అక్క అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలి, జీపెక్కింది. చెట్టు కింద మేమిద్దరమే మిగిలాం. ఇక రేపటినుంచి రోడ్డు మీదే అనుకున్నాను.

అమ్మ ఆ కాయను తీసి నా చేతిలో పెట్టింది. "ఆమెకు ఇచ్చి రా. రేపటికి పండుతది, ఇయ్యాల కొయ్యొద్దని చెప్పు."

"ఎట్ల చెప్పాలె?" అని అడిగాను. ఏ గొంతుతో అని నా భయం.

"నోటితోటి" అంది అమ్మ.

మెట్లెక్కి వాళ్ళ తలుపు కొట్టాను. ఆవిడే తీశారు. "అమ్మా, గిది రేపటికి పండుతదట. ఇయ్యాల కొయ్యొద్దట" అన్నాను. ఆవిడ ముందు నా మాట నేను మాట్లాడడం అదే మొదలు. నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఉంది.

ఆవిడ కాయ అందుకున్నారు. అలవాటుగా బొటనవేలు దాని మీదికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ రోజు నేను అలా చేసి చూపించినప్పుడు..." అని ఆగి, "నువ్వు కూడా నవ్వావు కదమ్మా" అన్నారు.

నిందించినట్టు లేదు. ఒక్కదాన్నే కాదు కదా అని తోడు వెతుక్కున్నట్టు ఉంది. నేను తల ఊపాను. గడపకు ఇవతల నేను, అవతల ఆవిడ, ఒకరినొకరు చూసుకోలేక ఇద్దరం ఆ కాయనే చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా, "రేపు మీ అమ్మను రమ్మను. గేటు దగ్గర నేను చెబుతాను. ఆవిడనే మాట్లాడమను" అన్నారు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళ బండల దగ్గరికి వచ్చేసరికి నేను అడగలేదు. అడిగే మొహం లేదు. నేను అడగకపోయినా అమ్మే ఆగి, గంప సర్దుకుని, "ఇయ్యాల మాట్లాడుకున్నరంట. ముందుగాల కోడలే నోరు తెరిచిందంట" అంది. నేను ఏడ్చాను. ఆ నవ్వు గురించి చెప్పాలని, "అమ్మా, గారోజు నేను" అని మొదలుపెట్టాను. ఆమె విననట్టే, "నడువు బిడ్డా, చీకటైతున్నది" అని, ఆ బండల మనవరాలి పెళ్ళి కథ ఎత్తుకుంది. ఇల్లు వచ్చేదాకా ఆపలేదు.

అమ్మ అసలు గొంతు రేడియోలో వచ్చిన పొద్దున, ఆ సంగతి ముందుగా తెలియక, మేం గంపలతో దారిలో ఉన్నాం. ఊళ్ళోవాళ్ళు విన్నారు. నేను వినలేదు. ఆ పెట్టెలోని గొంతు తర్వాత ఏమైందో తెలియదు. అమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె మాటలు నా దగ్గర ఉన్నాయి గానీ, ఆ గరగర లేదు. కాకి గొంతని సిగ్గుపడిన ఆ గొంతును ఒక్కసారి వినాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది.

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. మనవరాలు బడికి పోయే రోజుల్లో దాని పలక పక్కన కూర్చుని నేర్చుకున్నాను. కూడబలుక్కుని నేను చదివిన మొదటి బోర్డు, మా ఊరు పట్నంలో కలిసిపోయాక మేముంటున్న అపార్టుమెంటు గేటుదే. అమ్మేవారికి లోపలికి ప్రవేశం లేదు. చదవడం వచ్చినందుకు సంతోషపడాలో, చదివిన దానికి తల దించుకోవాలో తెలియక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. గోడ బయట ఎండలో ఒకామె సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. ఆమె దగ్గర కొన్నాను. ఏ కాయనూ నొక్కలేదు. ఆమె చెప్పేదంతా చెప్పాక, ఆమె భాషలోనే జవాబిచ్చాను. మా అపార్టుమెంటు వాళ్ళ మీటింగులో ఆమె నీడ సంగతి ఎత్తాను కూడా. చూద్దామన్నారు. ఏళ్ళు గడిచినా ఇంకా చూస్తూనే ఉన్నారు. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఈసారి ఆమెనే వెంటబెట్టుకుని పోతాను.

మనవరాలు ఇప్పుడు ఇక్కడే ఒక అద్దాల మేడలో ఉద్యోగం చేస్తోంది. పొద్దున ఆఫీసుకు పోతూ నన్ను ఖాజాగూడ చెరువు దగ్గర దింపుతుంది, నడవడానికి. దారిలో కారులో రేడియో పెడుతుంది. ఇప్పుడు కూడా పొద్దున కబుర్లే. షేర్లు ఎక్కడికి పోయాయి, టమాటా ఎంతుంది, ఆఫీసుల దగ్గర కిరాయిలు ఎందుకు పెరిగాయి. గంపల వాళ్ళు, టిఫిన్ బండ్ల వాళ్ళు కూడా ఫోను చేసి మాట్లాడుతుంటారు. మొన్న ఒకామె తన బండి సంగతి ఇంకా చెబుతుండగానే, అవతల కూర్చున్న అబ్బాయి తొందరపడి, "అంటే మీరు చెప్పేది ఏంటంటే" అని ఆమె మాటను తన మాట చేసి ముగించేశాడు.

"ఆగు. ఆమెను చెప్పనియ్యి" అన్నాను నేను.

మనవరాలు నవ్వింది. "అమ్మమ్మా, నీ మాట వాళ్ళకు వినబడదే."

"నాకెరుకే" అన్నాను. అయినా మర్నాడు పొద్దున మళ్ళీ అన్నాను.